చిన్నమ్మగారి కత్తెర

బ్రాకెన్స్ ఫెర్రీ ఊళ్ళో తెల్లవాళ్ళందరూ కెజీయా టిబ్స్‌ని "పిన్నీ" అని పిలిచేవారు. అది వరస కలిపిన ప్రేమ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పెళ్ళయిన నల్లావిడని "మిసెస్ టిబ్స్" అనాల్సి వస్తుందని, ఆ మర్యాద ఎగ్గొట్టడానికి మా కెంటకీ పెద్దమనుషులు కనిపెట్టిన ఉపాయం అది. కెజీయాకి ఆ సంగతి బాగా తెలుసు. అయినా పిలిచినప్పుడల్లా పలికేది. పలక్కపోతే పని ఊడుతుంది.

ఆమె పుట్టింది లాయరు లెమ్యుయెల్ హార్‌గ్రోవ్ గారి వంటింటి వెనక గదిలో, ఆయన సొత్తుగా. ఆయన ఎదిగేకొద్దీ ఆమె వండే గిన్నెలూ ఎదిగాయి. లాయరు జడ్జి అయ్యాడు, జడ్జి సెనేటరు అయ్యాడు, సెనేటరు ఏదో రాజ్యానికి రాయబారిగా వెళ్ళి గడ్డం నెరిశాక తిరిగొచ్చాడు. ఊరికి మాత్రం ఆఖరిదాకా జడ్జిగారే. చర్చిలో యోబు కథ చదువుతుంటే, యోబు తన ముగ్గురు కూతుళ్ళకీ కొడుకులతో పాటు ఆస్తి పంచాడని విని, ఆ ముగ్గురిలో ఒకామె పేరు కెజీయా అని విని, తల్లి ఆ పేరు పెట్టుకుంది. బానిస పిల్లకి ఆస్తిపరురాలి పేరు. తల్లుల ఆశలకి పన్ను లేదు కాబట్టి సరిపోయింది.

కెజీయాకి ఒక అన్న ఉండేవాడు, ఆన్సెల్. జడ్జిగారు సెనేటుకి నిలబడ్డ ఏడాది డబ్బు అవసరమై ఆన్సెల్‌ని దక్షిణాన నాచెజ్ బానిసల సంతకి వెళ్ళే స్టీమరు ఎక్కించి అమ్మేశారు. అదే నెలలో కోర్టు మెట్ల మీద నిలబడి స్వేచ్ఛ గురించి ఆయన చేసిన ప్రసంగం ఎంత బాగుందంటే, జనం ఆయన్ని భుజాల మీద మోశారు. ఆ ప్రసంగం చిత్తు ప్రతి ఇప్పటికీ పదిలంగా ఉంది. ఆన్సెల్ ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. తల్లి ఆ రోజు నుంచి చచ్చిపోయేదాకా ఆ ఇంట్లో ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

యుద్ధం వచ్చింది, పోయింది, బానిసతనం రద్దయింది. కెజీయా అదే వంటింట్లో జీతానికి కుదిరింది. రేవులో పడవల మీద పనిచేసే వైలీ టిబ్స్‌ని పెళ్ళి చేసుకుంది. అతను జ్వరంతో పోయాడు. ఒక్కతే కూతురు, లూరానా. పుట్టుకతోనే తుంటి ఎముక వంకరపడి, కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేదు. కానీ కుట్టుపనిలో మంచి చెయ్యి, అంతకు మించిన నోరు. తల్లీ కూతుళ్ళు జడ్జిగారి పెరటి చివర, వాగు పక్కనున్న చిన్న చెక్క ఇంట్లో ఉండేవారు. నడవలేని నల్లపిల్లకి తల మీద కప్పు లేకపోతే మా కౌంటీలో ఒకటే దారి, బీదల పొలం. పేరుకే పొలం. ముసలివాళ్ళనీ, కుంటివాళ్ళనీ, మతిలేనివాళ్ళనీ ఒకే కొట్టంలో పడేసి, నల్లవాళ్ళని వెనక కొట్టంలో పడేసి, గంజి పోసే చోటు. కెజీయా బతుకంతా ఒకటే భయం, తన తర్వాత లూరానా అక్కడికి పోతుందని.

జడ్జిగారికి ఆఖరి రోజుల్లో నీరు పట్టి కాళ్ళు దిమ్మల్లా అయ్యాయి. ఒకరోజు మధ్యాహ్నం పులుసు తీసుకెళ్ళిన కెజీయాని నిలబెట్టి, ఒళ్ళో బల్ల పెట్టించుకుని, తెల్లకాగితం మీద తన చేత్తో రాశారు. రాసి పైకి చదివారు. వాగు పక్క ఇల్లూ దాని పెరడూ కెజీయా టిబ్స్ బతికున్నంత కాలం ఆమెవి, ఆ తర్వాత ఆమె కూతురు లూరానావి, ఇది నా వీలునామాలో భాగంగా ఎంచవలసినది. కింద కాస్త జాగా వదిలి, చట్టాల మీద పెట్టే సంతకం లాంటి పెద్ద సంతకం పెట్టారు.

"మన రాష్ట్రంలో సొంత దస్తూరీతో రాసి సంతకం పెడితే సాక్షులు కూడా అక్కర్లేదు. భద్రంగా ఉంచుకో," అన్నారు.

కెజీయా కాగితం అందుకుని కదల్లేదు. "ఆన్సెల్ గురించి ఏమన్నా రాశారా, అయ్యగారూ?"

"లేదు," అని ఆయన గోడవైపు తిరిగిపోయారు. పులుసు తాగలేదు.

ఆయన పోయాక కాగితం కోర్టులో దాఖలు చేయించుకోవాలని లూరానా పోరింది. జడ్జిగారి కూతురు మిస్ కార్నీలియా వద్దంది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. కెజీయా ఎత్తుకు పెంచిన పిల్లే. జుట్టు నెరిసినా కెజీయాకి ఆవిడ చిన్నమ్మగారే.

"కోర్టెందుకు కెజీయా? నేనుండగా నిన్ను కదిలించే మగాడెవడు? ఆ కాగితం పట్టుకుని నువ్వు కోర్టు మెట్లెక్కితే, మా మీద నమ్మకం లేదని ఊరంతా చెప్పినట్టు కాదూ?"

కెజీయా ఆగిపోయింది. పెద్దింటివాళ్ళ మాటే దస్తావేజుగా చెల్లే ఊరు మాది. నమ్మనివాడు వాళ్ళ దృష్టిలో దొంగతో సమానం.

ఆ మరుసటి ఫిబ్రవరిలో ఒహాయో నది పొంగి వాగులోకి ఎదురు తన్నింది. చిన్నింట్లో కిటికీల ఎత్తున నీళ్ళు. కెజీయా ఆ కాగితాన్ని నూనెగుడ్డలో చుట్టి గుండెలకి కట్టుకుని, లూరానాని వీపున వేసుకుని గట్టెక్కింది. నీరు తీశాక ఆ కాగితాన్ని తీసుకెళ్ళి చిన్నమ్మగారి చేతికిచ్చి, జడ్జిగారి బీరువాలో పెట్టమంది. మా నల్లవాళ్ళు చాలామంది చేసే పనే. విడుదల పత్రాలూ పెళ్ళి పత్రాలూ పాత యజమానుల పెట్టెల్లోనే ఉండేవి, అక్కడైతే నీళ్ళూ నిప్పూ తగలవని.

లూరానా మాత్రం ఒప్పుకోలేదు. "మనది మన దగ్గరుండాలి గదమ్మా. పిల్లిని పాలకి కాపలా పెట్టినట్టుంది."

"ఏటా వచ్చే ఏరు కంటే ఆ బీరువా నయమే. జడ్జిగారి కాగితాల్లో పడేస్తే దేవుడి జేబులో వేసినట్టే."

"దేవుడి జేబుకి చిల్లుందేమో చూశావా?"

"నీ నోటికి ఉప్పు రాయ," అంది కెజీయా.

ఆ బీరువా గురించి కొంచెం చెప్పాలి. వాల్‌నట్ చెక్కది, నిండా చిన్న చిన్న అరలు. అరనిండా జడ్జిగారి ఉత్తరాలు, కేసుల నోట్సు, ప్రసంగాలు, దేశాధ్యక్షులు రాసిన జవాబులు. తండ్రి పోయాక మిస్ కార్నీలియాకి ఆ కాగితాలే మొగుడూ పిల్లలూ. వాటిని ఏళ్ళ వారీగా కట్టలు కట్టి, ఎర్రటేపు చుట్టి, వచ్చిన అతిథికల్లా చూపించేది. ఊళ్ళో ఆవిడ గౌరవమంతా ఆ బీరువాలోంచే వచ్చేది.

ఆ రోజుల్లో దేశమంతా ఒక పిచ్చి పట్టుకుంది, గొప్పవాళ్ళ సంతకాలు పోగుచేసే పిచ్చి. బోస్టన్ నుంచి పాదిరీలు, ఒహాయో నుంచి బడి పిల్లలు, ఎక్కడెక్కడి బ్యాంకు గుమాస్తాలో, లోపల తపాలా బిళ్ళ పెట్టి మరీ రాసేవారు: మహాశయా, తమ తండ్రిగారి సంతకం ఒకటి దయచేయండి. చచ్చిపోయిన మనిషి కొత్త సంతకాలు పెట్టలేడు కదా. అందుకని మిస్ కార్నీలియా గురువారం పూట, ఫలహారం అయ్యాక, భోజనాల బల్ల మీద జేబురుమాలు పరిచి, ఎంబ్రాయిడరీ కత్తెరతో పాత కాగితాల కింది సంతకాలు చదరంగా కత్తిరించి, కవర్లలో పెట్టి పంపేది. దేశమంతా పెద్దింటి వితంతువులూ కూతుళ్ళూ అదే చేసేవారు, అదో మర్యాద. కవర్లని తపాలా కచేరీకి మోసుకెళ్ళేది కెజీయా.

అందులోనూ ఆవిడకి నియమాలున్నాయి. అధ్యక్షుల ఉత్తరాల జోలికి పోదు. ప్రసంగాలు ముట్టదు. వెనకపక్క రాత ఉన్న కాగితాన్ని కత్తిరించదు, వెనకవైపు నాన్నగారి మాటలు పోతాయని. ముఖ్యంకాని కాగితమై ఉండాలి, వెనక ఖాళీగా ఉండాలి, సంతకం విడిగా ఉండాలి. ఆ జాగ్రత్తని ఊళ్ళోవాళ్ళు మెచ్చుకునేవారు.

ఏళ్ళు గడిచాయి. మిస్ కార్నీలియాకి కీళ్ళనొప్పులు వచ్చి, ఆస్తి వ్యవహారాలు మేనల్లుడు ప్రెంటిస్ చేతికి వెళ్ళాయి. ప్రెంటిస్ హార్‌గ్రోవ్‌కి తాతగారి గొంతు వచ్చింది గాని బుర్ర రాలేదు. వాగు పక్క స్థలం పొగాకు గోదాముకి బాగుంటుందని ఒక వ్యాపారికి అమ్మజూపి, కెజీయా గుమ్మంలోకి వచ్చి టోపీ తియ్యకుండా చెప్పాడు.

"పిన్నీ, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి."

"ఈ ఇల్లు నాది బాబూ. మీ తాతగారు రాసిచ్చారు."

"ఏదీ, చూపించు."

కెజీయా నడుముకి కట్టుకున్న వంటగుడ్డకి చేతులు తుడుచుకుని, తొందరేమీ లేకుండా పెద్దింటికి బయల్దేరింది. నిజం చెప్పాలంటే ఆ నడకలో కాస్త గర్వం కూడా ఉంది.

మిస్ కార్నీలియా కుర్చీలో కూర్చునే ఏ అరో చెప్పింది. కెజీయా కాగితాల కట్ట తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. చిన్నమ్మగారు ఒక్కొక్కటీ తిప్పుతూ ఒకచోట ఆగిపోయింది. ఆగిపోయిన చేతిని చూసి కెజీయా వంగింది. ఆమెకి చదువు రాదు. కానీ కాగితం అడుగున, సంతకం ఉండాల్సిన చోట, నున్నటి అంచులతో చదరంగా బొక్క ఉందని తెలియడానికి చదువెందుకు? అందులోంచి చిన్నమ్మగారి గౌను నీలంగా కనిపిస్తోంది.

చిన్నమ్మగారు ఆ బొక్క మీద అరచెయ్యి పెట్టింది.

"నేను చూసుకోలేదు కెజీయా," అంది చివరికి మిస్ కార్నీలియా. "వెనక ఖాళీగా ఉందని... ఇంట్లో ఏదో చీటీ అనుకున్నానేమో. పైన చదవలేదు."

"ఎవరికి పంపారు?"

"ఎలా గుర్తుంటుంది? వందలమంది అడిగారు. రాసి పెట్టుకోలేదు."

కెజీయాకి అప్పుడు తట్టింది, ఆ కవరు ఎవరికి వెళ్ళినా తన చేతుల మీదుగానే వెళ్ళిందని. ఏదో ఒక గురువారం తన ఇంటిని తనే సంచిలో వేసుకుని, బురదలో నడిచి, తపాలా కిటికీలో ఇచ్చి వచ్చింది. ఆ తర్వాత కోపం వచ్చింది, పుట్టినప్పటి నుంచీ మింగిన కోపాలన్నీ కలిసి వచ్చినంత కోపం. కానీ కోపం చూపించడానికి అది చోటు కాదు. లూరానా ఇంట్లో కూర్చుని ఉంది.

"చిన్నమ్మగారూ, మీరు కోర్టులో చెప్పండి. జరిగింది జరిగినట్టు. అంతే చాలు."

మిస్ కార్నీలియా ఏడ్చింది. కెజీయా చెయ్యి పట్టుకుంది. "చెప్తాను. నాన్నగారి మాట పోనిస్తానా? బైబిలు మీద చెయ్యేసి చెప్తాను."

ఆ ఏడుపు నిజమే. అదే తంటా. దొంగ ఏడుపు అయితే కెజీయా అప్పుడే కనిపెట్టేది.

మిస్టర్ డాబ్నీ అనే కుర్ర లాయరు కేసు తీసుకున్నాడు. కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసి, తల గోక్కుని చెప్పాడు, "సంతకం ఉండేదని, ఆయన పోయాక పొరపాటున కత్తిరించారని రుజువైతే వీలునామా చెల్లుతుంది. కానీ నువ్వు చెప్తే చెల్లదు. నీకు లాభం వచ్చే వ్యవహారంలో, చచ్చిపోయిన మనిషి నీ ఎదుట ఏం చేశాడో నువ్వు సాక్ష్యం ఇవ్వకూడదు. అది చట్టం."

"మరి చచ్చిపోయినాయన లేచొచ్చి చెప్తాడా బాబూ?"

డాబ్నీ నవ్వబోయి మానేశాడు. "మిస్ కార్నీలియా ఒక్కతే సాక్షి. ఆవిడ చెప్తే గెలుస్తాం. చెప్పకపోతే మన దగ్గర ఒక చిల్లు కాగితం తప్ప ఏమీ లేదు."

"చెప్తారు. నేను పెంచిన పిల్ల," అంది కెజీయా.

ఆ మధ్యలోనే ఒక చరిత్ర సంఘం తరఫున పెద్దమనిషి ఒకాయన దిగాడు. కళ్ళజోడు, మెత్తటి చేతులు, మెత్తటి మాట. జడ్జిగారి కాగితాలన్నీ సంఘం వారి కొత్త భవనంలో, నిప్పు తగలని గదిలో, హార్‌గ్రోవ్ పేరుతోనే ఉంచుతామన్నాడు. కాగితాలను కాపాడిన కూతురిగా మిస్ కార్నీలియా చిత్రపటం గోడకి పెడతామన్నాడు. ఆ రోజు కెజీయా కట్టె సుత్తితో అరగంట పిండి కొట్టి బిస్కెట్లు చేసింది, ఉప్పులో ఊరేసిన పంది తొడ ముక్కలు కోసింది. గిన్నెలు తీస్తుంటే పక్కగదిలో ప్రెంటిస్ గొంతు వినిపించింది.

"అత్తయ్యా, కోర్టులో ఏమని చెప్తావ్? మా నాన్నగారి వీలునామా నేనే కత్తెరతో కోశానంటావా? అది విన్నాక ఈయన ఏమనుకుంటాడు? ఇంకా ఏమేం కోసిందో, ఏమేం దాచిందో అనుకోడూ? ఆ కాగితాలకి విలువుంటుందా? తాతగారి పేరుకి?"

మిస్ కార్నీలియా జవాబు వినపడలేదు. కెజీయా గిన్నెలు తోమింది. మనసు కీడు శంకించినా, చేతిలో చెయ్యేసి ఏడ్చిన మనిషిని అనుమానించడం పాపమని సర్దిచెప్పుకుంది.

కోర్టు రోజున వర్షం. నల్లవాళ్ళని బాల్కనీలో కూర్చోబెట్టారు. లూరానా మెట్లెక్కలేక ఇంట్లోనే ఉండిపోయింది. కెజీయా ఒక్కతే కింద, డాబ్నీ పక్కన కూర్చుంది. మిస్ కార్నీలియా నల్లసిల్కు గౌనులో వచ్చి బైబిలు మీద చెయ్యేసింది. రెండో బెంచీలో చరిత్ర సంఘం పెద్దమనిషి టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ కాగితం మీద రాత ఎవరిదమ్మా?" డాబ్నీ అడిగాడు.

"మా నాన్నగారి దస్తూరీ."

"కింద సంతకం ఉండేదా?"

ఆవిడ ఒకసారి రెండో బెంచీ వైపు చూసింది. కెజీయా వైపు చూడలేదు. "నాకు గుర్తులేదండీ. నాన్నగారు చాలా చిత్తులు రాసేవారు. అన్నిటికీ సంతకం పెట్టేవారు కాదు."

"అడిగినవాళ్ళకి సంతకాలు కత్తిరించి పంపేవారు కదా మీరు?"

"మామూలు ఉత్తరాల్లోంచి, కొన్ని. నాన్నగారి వీలునామా అని తెలిసి కత్తెర పెట్టేంత తెలివితక్కువదాన్ని కాదు."

బాల్కనీలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ప్రెంటిస్ తరఫు లాయరు నింపాదిగా లేచాడు.

"అమ్మా, ఆ బీరువా దుమ్ము తుడిచేదెవరు?"

"కెజీయా."

"తుడిచేప్పుడు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"కెజీయా దగ్గరే."

"అంతేనండి."

ఇంకేం చెప్పక్కర్లేదు. మిగతాది లాయరు తన వాదనలో చెప్పాడు: ఇది సంతకం లేని చిత్తు. సంతకం లేదని తెలిసి, ఉండేదేమో అన్న భ్రమ కలిగించడానికి ఎవరో చదరంగా కోశారు. ఎవరికి అవసరమో వారే. పేరు ఎత్తలేదు. ఊరంతా కెజీయా వైపు చూసింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో మా వాళ్ళు ఆ రోజు కళ్ళారా చూశారు. మిస్ కార్నీలియా చెప్పినదాంట్లో గట్టిగా పట్టుకుని అబద్ధమని రుజువు చేయదగ్గ మాట ఒక్కటీ లేదు. కెజీయా లేచి నిలబడింది.

"చిన్నమ్మగారూ, నా మొహం చూసి చెప్పండి."

జడ్జి కూర్చోమన్నాడు. డాబ్నీ భుజం పట్టి కూర్చోబెట్టాడు. మిస్ కార్నీలియా గ్లవ్స్ వేళ్ళు సవరించుకుంటోంది.

తీర్పు వచ్చిన వారానికే ఇల్లు విప్పేశారు. చెక్కలు ఊడబెరుకుతుంటే లూరానా కుట్టు కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉంది. ఒకటి రెండు బండబూతులు తప్ప ఏమీ అనలేదు. తల్లిని మాత్రం ఒక్క మాటా అనలేదు, నేను ముందే చెప్పానుగా అని కూడా అనలేదు. అంటే బాగుండేదని కెజీయాకి అనిపించింది. చర్చి పెద్ద భార్య తన వంటింట్లో కెజీయాకి పక్క వేసుకునేందుకు చోటిచ్చింది. ఇద్దరికి చోటు లేదు. అక్కడికి మెట్లు కూడా నిటారుగా ఉన్నాయి. కౌంటీ బండి వచ్చి లూరానాని బీదల పొలానికి తీసుకెళ్ళింది. బండి కదిలేముందు కెజీయా దుప్పటి సర్దుతుంటే, "పోనీలేవే అమ్మా, అక్కడ మెట్లుండవట," అంది లూరానా.

కెజీయా పెద్దింట్లో పని మానేసింది. అక్కడా ఇక్కడా బట్టలు ఉతికింది. ఆదివారం ఆదివారం మైళ్ళు నడిచి కూతుర్ని చూసి వచ్చేది. వెళ్ళిన ప్రతిసారీ పిల్ల ఇంకొంచెం చిక్కి కనిపించేది. ఆకురాలే కాలంలో లూరానాకి దగ్గు పట్టుకుంది. ఉన్ని గుడ్డ కొనడానికి చేతిలో ఏమీ లేని సమయంలో మిస్ కార్నీలియా కబురు పంపింది: కాగితాలు పెట్టెల్లోకి సర్దాలి, వంట కూడా చూడాలి, రెండు వారాల పని. అభిమానానికి పోతే పిల్ల చలికి వణుకుతుంది. కెజీయా వెళ్ళింది.

పని చేసింది. మిస్ కార్నీలియా అందించిన కట్టలు పెట్టెల్లో పేర్చింది. స్వేచ్ఛ మీద ప్రసంగం, రాయబార కార్యాలయం ఉత్తరాలు, అధ్యక్షుల జవాబులు, ఆన్సెల్‌ని అమ్మిన ఏడాది కట్ట. డాబ్నీ తిరిగిచ్చిన తన కాగితం ఆమె రవికెలో ఉంది. దాన్ని పొయ్యిలో వేద్దామని ఎన్నోసార్లు అనుకుంది. చివరి పెట్టె మూత వేసే పూట బయటికి తీసి చిన్నమ్మగారి కళ్ళముందే కట్టల మీద పెట్టింది.

"అది వద్దు కెజీయా," అంది మిస్ కార్నీలియా నెమ్మదిగా. "అది ముఖ్యమైన కాగితం కాదు."

"జడ్జిగారు రాసిందే కదమ్మా. ఇవన్నీ చదవడానికి జనం వస్తారన్నారు. ఎవరో ఒకరు ఈ బొక్కేంటని అడుగుతారు. అడగనివ్వండి."

అడగడానికి ఎవరో ఎప్పుడో రానక్కర్లేకపోయింది. పెట్టెలకి ముద్రలు వేయించుకోవడానికి వచ్చిన సంఘం పెద్దమనిషి అదే తీసి కళ్ళజోడు సవరించుకున్నాడు. "అయ్యో, ఇదేమిటి? ఇంత మంచి దస్తూరీ. ఏమైంది దీనికి?"

కెజీయా చిన్నమ్మగారి వైపు తిన్నగా చూసింది. కోర్టు లేదు, జనం లేరు, ప్రెంటిస్ లేడు. ఇల్లు తిరిగి రాదు, పోయేదీ ఏమీ లేదు. నిజం చెప్పడానికి ఇంతకంటే సుళువైన చోటు దొరకదు. ఆ ఒక్క నిమిషం కెజీయా ఆవిణ్ణి క్షమించడానికి కూడా సిద్ధపడింది.

"పనివాళ్ళ చేతుల్లో పాడైంది," అంది మిస్ కార్నీలియా.

"పాపం," అని ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, కాగితం అంచున సన్నటి అక్షరాలతో ఆ మాటే రాసి, పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆ పెన్సిల్ రాత ఇప్పటికీ అలాగే ఉందట. చదివినవాళ్ళకి అదే చరిత్ర.

ఆయన బండి వెళ్ళిపోయాక కెజీయా నడుముకి కట్టుకున్న వంటగుడ్డ విప్పి కుర్చీ మీద వేసింది. మిస్ కార్నీలియా కుర్చీలోంచి లేవలేక లేచి నిలబడింది. బీరువా తలుపులు తెరిచే ఉన్నాయి. అరలన్నీ ఖాళీ.

"ఎక్కడికి పోతావ్ కెజీయా? వంటింటి వెనక గది అలాగే ఉంది. నువ్వు పుట్టిన గదే. నేను బతికున్నంత కాలం నిన్ను ఎవరూ కదిలించరు."

"మీ నాన్నగారు రాసింది నేను బతికున్నంత కాలమని, చిన్నమ్మగారూ."

"నేను ఒంటరిదాన్నయ్యాను, చూడు."

"చూశాను," అంది కెజీయా. జీతం తీసుకుని బయటికొచ్చి, అంగట్లో ఉన్ని గుడ్డ కొని, చర్చి పెద్ద భార్యకి చెప్పి తన మూట సర్దుకుని, పొలం దారి పట్టింది.

బీదల పొలం గేటు దగ్గర పర్యవేక్షకుడి భార్య బంగాళాదుంపలు ఏరుతోంది. ఆదివారం కానిరోజు కెజీయాని చూసి ఆశ్చర్యపోయింది.

"పిన్నీ, ఇవాళ చూడ్డానికొచ్చావేంటి? రోజు కాదుగా."

"చూడ్డానికి కాదమ్మా. ఉండటానికొచ్చాను."

ఆమె చేతిలో దుంప పట్టుకునే కెజీయాని కిందికీ పైకీ చూసింది. చేతులు ఇంకా గట్టిగా ఉన్నాయి, వంట వచ్చు, మతి సరిగ్గానే ఉంది. "నీకేం ఖర్మ? కాళ్ళూ చేతులూ ఆడుతుండగా ఇక్కడికి ఎవరైనా కావాలని వస్తారా?"

"మా పిల్ల లోపలుంది."

"లోపలికొచ్చాక పేరు రాస్తాం. రాశాక నువ్వూ అందరిలాగే. తెలుసుగా?"

"రాయండి," అంది కెజీయా. "పూర్తి పేరు రాయండి. మిసెస్ కెజీయా టిబ్స్."

ఆమె ఏమనుకుందో గాని గేటు తీసింది. కెజీయా మూట భుజానికెత్తుకుని వెనక కొట్టం వైపు నడిచింది. దగ్గు వినిపిస్తున్న వైపుకి.